ఒకే గడిలో ఇద్దరు

ఆ ఉదయం డ్రిల్లు మాస్టారి పథకం నల్లేరు మీద బండి నడకే. చదరంగం క్లబ్బు హాల్లో నేల మీద సుద్దతో గడులు గీయాలి, మనుషుల్నే పావులుగా నిలబెట్టి ఒకసారి ఆడించి చూడాలి, ఆనక ఇంటికెళ్ళి మామగారిని సభకు తీసుకురావాలి. గడియారాలు బాగుచేసుకుని బతికిన మామగారు కుర్రతనంలో ఒక ఛాంపియన్‌ని ఓడించారు. జీవితంలో ఆయన గెలిచిన గొప్ప ఆట అదొక్కటే. అందుకే ఆ రోజు హాలుకు ఆయన పేరు పెడుతున్నారు. ఓడిపోయిన ఛాంపియన్‌గారే ముఖ్య అతిథి.

క్లబ్బు పాత పుస్తకంలోంచి మాస్టారు ఎత్తులు చదువుతుంటే పావులు బుద్ధిగా కదులుతున్నాయి. ఆట చివరికొచ్చింది.

"తెల్ల మంత్రి వెనక్కి, సొంత గడికి!"

మంత్రిగా ఉన్న బేకరీ ఆవిడ హుందాగా వెనక్కి నడిచి, టైలరును ఢీకొంది. టైలరు తెల్ల ఏనుగు.

"కొంచెం జరగండి," అంది ఆవిడ.

"నేనెందుకు జరుగుతానండీ? ఎప్పట్నుంచో ఇక్కడే ఉన్నాను. ఏనుగుని."

"ఏనుగైతే? నేను మంత్రిని!"

మాస్టారు మొదటినుంచీ మళ్ళీ ఆడించారు. మళ్ళీ అదే గడిలో ఇద్దరూ ఢీకొన్నారు. పోనీ అని ఆవిణ్ణి ఒక గడి ముందే ఆపితే, "అక్కడైతే నేను చంపెయ్యొచ్చండీ," అన్నాడు నల్ల గుర్రం మొహమాటపడుతూ.

మాస్టారికి అప్పుడు బోధపడింది. ఇన్నేళ్ళుగా ఈ ఆటను ఊరంతా ఆకాశానికెత్తింది. ఎత్తిందే కానీ ఒక్కరూ పావులు పేర్చి చూసిన పాపాన పోలేదన్నమాట!

"ఈ ఎత్తు అసలు పడదు," అన్నాడు క్లబ్బు కార్యదర్శి గడ్డం గోక్కుంటూ.

"రాయడంలో తప్పేమోనండీ," అన్నారు మాస్టారు.

"ఆటే కట్టుకథైతే? అతిథిగారి ముందు మన పరువేం కాను?" అని, గుమ్మం మీద పేరు రాస్తున్న పెయింటరుతో, "బాబూ, అక్కడే ఆపు," అన్నాడు. అప్పటికి పేరు సగమే అయింది.

మామగారినే అడిగితే సరిపోయేది. కానీ 'అది దొంగాటా?' అని పిల్లనిచ్చిన మామను ఏ అల్లుడు అడగగలడు? మాస్టారు భార్యకు ఫోన్ చేశారు.

"మీ నాన్నగారిని గుమ్మం దాటనీకు. చెప్పులు దాచెయ్!"

"ఏమైందండీ?"

"తర్వాత చెప్తా!"

ఆవిడ కంగారు చూసి పక్కింటావిడ పెద్దాయనకు ప్రాణం మీదికొచ్చిందనుకుంది. తనకు తెలిసిన ఏకైక డాక్టరుకు ఫోన్ కొట్టింది. ఆయన పళ్ళ డాక్టరు, పైగా ఆ క్షణాన నల్ల రాజు. రాజు గడి వదిలి పరుగెత్తాడు. రాజే పరుగెత్తాక బంట్లు ఆగుతారా? తెలుపూ నలుపూ కలిసి వీధిన పడ్డాయి. అక్కడ వాళ్ళకు చెప్పుల్లేకుండా సభకు బయల్దేరిన మామగారు, వెనకాలే అత్తగారు ఎదురయ్యారు. వద్దంటున్నా వినకుండా రోగిని మోసుకొచ్చినట్టు ఆయన్ని హాల్లోకి మోసుకొచ్చారు. ఛాంపియన్‌గారూ అప్పుడే వచ్చి కూర్చున్నారు.

ఇక దాచి లాభం లేదు. మాస్టారు తల దించుకుని సంగతి చెప్పారు.

"మంత్రి వెనక్కెందుకెళ్తుందయ్యా?" అన్నారు మామగారు. "నల్ల రాజు పక్కకి కదూ వెళ్ళాలి!"

"మంత్రిని ఎవరైనా ఊరికే చంపించుకుంటారా? ఇప్పుడు ఏదో ఒకటి అంటే ఎలా?" అన్నాడు కార్యదర్శి.

మామగారి ముఖం పాలిపోయింది. ఉన్న ఒక్క గెలుపూ పోయేలా ఉంది.

ఛాంపియన్‌గారు కర్ర ఊతంతో లేచి, పావులన్నిటినీ మళ్ళీ గడుల్లోకి పంపారు. బేకరీ ఆవిణ్ణి హాలంతా దాటించి, మూలనున్న నల్ల రాజు పక్కనే నిలబెట్టారు.

"ఇక్కడ. రాజు చంపలేడు, ఆ గుర్రం కాపలా ఉంది. నా ఏనుగే చంపాలి. చంపాను."

నల్ల ఏనుగు ఆవిడ స్థానంలోకి వచ్చింది. ఇప్పుడు రాజు చుట్టూ అన్నీ తన సొంత బలగాలే. అడుగు పెట్టడానికి చోటు లేదు. తెల్ల గుర్రంగా ఉన్న పోస్టుమ్యాన్ ఒక్క గెంతు గెంతి రాజుకు చెక్ పెట్టాడు. ఆట అయిపోయింది.

పళ్ళ డాక్టరు తన కాపలావాళ్ళనే చూస్తూ నోరు తెరిచేశాడు. చదరంగమంటే ఆవలించే మాస్టారికి ఒళ్ళు గగుర్పొడిచింది. పాడైన గడియారాల మీదికి వంగిన ఈ మనిషి తలలోనా ఇంత అందం పుట్టింది?

"నా జీవితంలో ఎన్నో గెలిచాను," అన్నారు ఛాంపియన్‌గారు. "తలుచుకునేది మాత్రం ఈ ఓటమినే." ఆయన కళ్ళు చెమర్చాయి. పెయింటరు ఎవరూ చెప్పకుండానే కుంచె అందుకున్నాడు.

"మరి పుస్తకంలో ఆ ఎత్తు ఎవరు రాశారు?" అన్నాడు కార్యదర్శి.

"నేనే," అన్నారు అత్తగారు తాపీగా. "అప్పట్లో క్లబ్బులో ఎత్తులు రాసేదాన్ని. మాకు పెళ్ళి కుదిరిన కొత్త. చెయ్యి జారి మంత్రిని పారేసుకున్నారనుకున్నా. నలుగురూ నవ్వరూ? అందుకే దాన్ని భద్రంగా ఇంటికి చేర్చేశా."

"తర్వాత గెలిచాను కదే!"

"గెలిచాక ఇంకెవరు చూస్తార్లే అని వదిలేశా."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అదే పుస్తకం మన బీరువాలోనూ ఒకటుందిగా. చదువుతారనుకున్నా."

తప్పు దిద్దిన కొత్త పుస్తకం ఇంటికొచ్చి చాలాకాలమైంది. మామగారు దాన్నీ బీరువాలోనే భద్రంగా దాచుకున్నారు.