డివైడరు మీద కాపురం

కరివేపాకు కోసం రోడ్డు దాటబోయిన మంగతాయారు డివైడరు దాకా చేరి, అక్కడ ఆగిపోయి, మూడేళ్ళుగా ఆ డివైడరు మీదే కాపురం ఉంటోంది. పెదకాలవ నగరంలో ఇదేమీ వింత కాదు. కాలవరోడ్డు మీద బైకు పందేలు మొదలయ్యాక ఆ రోడ్డు దాటబోయిన వాళ్ళలో అదృష్టవంతులంతా అక్కడికే చేరారు. మిగతావాళ్ళ సంగతి వేరే శాఖ చూసుకుంటుంది.

పందెం ఎందుకు ఆగదంటే, ఓడినవాడు ఓడానని ఒప్పుకోడు. ఇంకో చుట్టు అంటాడు. గెలిచినవాడికి కాదనడం నామోషీ. అలా రోడ్డుకి ఇటువైపు పోయే బండ్లు, అటువైపు వచ్చే బండ్లు, మధ్యలో చీమ దూరే సందు లేదు. పోలీసులు లేరా అంటే, ఉన్నారు. కూడలిలో గొడుగు కింద నిలబడి, బండ్లు ఎటు పోతున్నాయో అటే చెయ్యి చూపిస్తుంటారు. వేగంగా పోయే బండిని ఆపడం ప్రమాదకరమని వాళ్ళకి సర్క్యులరు వచ్చింది. నెమ్మదిగా పోయే బండిని ఆపొచ్చు గానీ, నెమ్మదిగా పోవడం నేరం కాదాయె.

డివైడరు మీద జనం పెరిగేసరికి నగరపాలక సంస్థ దాన్ని ప్రత్యేక వార్డుగా ప్రకటించింది. రెండు బారల వెడల్పు, రెండు మైళ్ళ పొడుగు ఉన్న వార్డు దేశంలో మరొకటి లేదని కమిషనరుగారు సంబరపడ్డారు. దీపస్తంభాల మీద ఇంటి నంబర్లు రాశారు. కుళాయి వేశారు, వెనకాలే కుళాయి పన్నూ వేశారు. కొండలరావు అనే ఆయన కార్పొరేటరుగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. నామినేషను వెయ్యడానికి ఇంకెవరూ రోడ్డు దాటలేకపోయారు.

మంగతాయారు సొంతిల్లు సరిగ్గా ఎదురుగానే ఉంది. మొదటి అంతస్తు బాల్కనీలో ఆమె భర్త భీమేశ్వరరావు రోజూ కనిపిస్తాడు. వంట నేర్చుకున్నాడు పాపం. పెరుగన్నం అరిటాకులో చుట్టి, దారం గట్టిగా బిగించి, రెండు బండ్ల మధ్య అదను చూసి విసురుతాడు. ఆమె కొంగు పట్టి అందుకుంటుంది. పులుసు మాత్రం విసరడానికి కుదరదు కాబట్టి ఆమె పులుసు రుచి చూసి మూడేళ్ళయింది. ఎండాకాలంలో ఆయన మామిడి ముక్కలు, కారం, ఉప్పు, నూనె పొట్లాలు విసిరితే, పక్క స్తంభం పాపయ్యమ్మ దగ్గర జాడీ అడిగి డివైడరు మీదే ఆవకాయ పెట్టింది. ఆవకాయలో కొంచెం పెట్రోలు వాసన వస్తుందని వంక పెట్టేవాళ్ళున్నారు గానీ, తినడం మానేసిన వాళ్ళు లేరు.

"మీ ఆవిడేరండీ, కనబడ్డం లేదు?" అని ఊళ్ళోవాళ్ళెవరైనా అడిగితే భీమేశ్వరరావు, "రోడ్డు దాటుతోందండీ, వొచ్చేస్తది" అని చెప్పేవాడు. అదే మాట మూడేళ్ళూ చెప్పాడు.

అవతలి స్తంభం దగ్గరుండే పాపయ్యమ్మ కథ వేరు. ఆమె రోడ్డు దాటబోయి చిక్కుకోలేదు. కొడుకుని చూసుకోవడానికి వచ్చింది. వాడూ పందెంలో ఉన్నాడు. మొదట్లో ప్రతి చుట్టులో ఎర్ర బండి మీద వస్తూ ఒక చెయ్యి ఎత్తేవాడు. కిందటి వానాకాలం నుంచి కనబడటం లేదు. వచ్చే ప్రతి బండినీ పాపయ్యమ్మ కళ్ళు చికిలించి చూసి, "ఈ చుట్టులో లేడమ్మా, వొచ్చే చుట్టులో ఉంటాడు" అంటుంది. మంగతాయారు అవునంటుంది. వాడు ఏ శాఖ లెక్కలోకి వెళ్ళాడో డివైడరు మీద అందరికీ తెలుసు. ఆమెతో చెప్పే గుండె ఎవరికీ లేదు.

ఇలా ఉండగా పందేలు నిషేధించాలా వద్దా అని నగరంలో చర్చ లేచింది. కుర్రాళ్ళ ఉడుకు రక్తాన్ని ఆపడం తగదని ఒకాయన టీవీలో బల్ల గుద్ది చెప్పాడు. ఆ రక్తమే రోజూ రోడ్డు మీద కడుగుతున్నామనీ, దానికి నీళ్ళు చాలా ఖర్చవుతున్నాయనీ పారిశుద్ధ్య విభాగం రాతపూర్వకంగా విన్నవించుకుంది. చివరికి, ఇబ్బంది పడుతున్న వాళ్ళనే అడిగి తేల్చాలని దీనికోసం వేసిన కమిటీ నిర్ణయించింది. అంటే డివైడరు వాసులు ఓటు వెయ్యాలి. అధికారులు డివైడరు చేరడానికి వీలుగా పందెం గంటసేపు ఆపమని బతిమాలితే, ఎలాగూ టైర్లు మార్చుకోవాలి కాబట్టి కుర్రాళ్ళు పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

నిబంధన ఒక్కటే. ఓటు వేసే సమయానికి డివైడరు మీద ఉన్నవాళ్ళే డివైడరు వాసులు.

ఆ రోజు పొద్దున పది గంటలకి బండ్లు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి కాకులు సైతం కంగారుపడ్డాయి. అధికారులు జీపు దిగి బల్లలు వేయించారు. జ్యోతి వెలిగించారు. కొండలరావు మైకు పుచ్చుకుని డివైడరు సాధించిన ప్రగతి గురించి మొదలుపెట్టాడు. ఆ ప్రసంగం తీరు చూస్తే ఓటూ, ఇల్లూ రెండూ ఒక్క గంటలో కుదిరేవి కావని మంగతాయారుకి అర్థమైంది.

ఎదురుగా, రోడ్డంచున భీమేశ్వరరావు నిలబడి ఉన్నాడు. మూడేళ్ళలో ఆయన జుట్టు ఎంత నెరిసిందో బాల్కనీ మీదుంటే తెలియలేదు.

"తాయారూ! చూస్తా నిలబడ్డావేంటే, వొచ్చెయ్! చింతపండు పులుసు కాశాను."

"ఓటో?"

"వెయ్యడానికి అంతమందున్నారు కదే!"

నిజమే, అంతమంది ఉన్నారు. నిషేధం కావాలని మూడేళ్ళుగా గొంతు చించుకున్న వాళ్ళంతా సంచులు చంకన పెట్టుకుని, మిగతావాళ్ళు వేస్తారులే అనుకుంటూ అప్పటికే రోడ్డు దిగుతున్నారు. మంగతాయారుకి సిగ్గేసింది. సిగ్గుకంటే ఆకలి ఎక్కువేసింది. పాపయ్యమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ రా పిన్నీ, మా ఇంట్లో ఉందువు గాని."

"నేనెక్కడికొస్తానే? ఇదిగో, ఈ పందేలే ఆపేస్తే ఇంక మావోడు రాడని తేలిపోద్ది కదా. తిరగనియ్యమ్మా. తిరుగుతుంటే ఏదో చుట్టులో వొస్తాడు."

ఆమె ఓటు ఎటు పడుతుందో మంగతాయారుకి తెలిసిపోయింది. కోపం రాలేదు, ఏడుపొచ్చింది. వెళ్తున్నానని అనకూడదు కాబట్టి అలవాటు కొద్దీ "వెళ్ళొస్తాను పిన్నీ" అని రోడ్డు దాటింది. మూడేళ్ళ దూరం. నాలుగంగల్లో అయిపోయింది.

పులుసు ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆవకాయ గుర్తొచ్చింది. జాడీ దీపస్తంభం కింద ఉండిపోయింది.

"ఉండనియ్యండి, పోతే పోయింది" అంది.

"బోల్డు టైముంది. నేను విసిరిన ముక్కలే అవి, ఎవరికో ఒదులుతానా? ఇలా ఎళ్ళి అలా వొచ్చేస్తాను." చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళాడు భీమేశ్వరరావు.

ఆమె బాల్కనీలోంచి చూస్తోంది. ఆయన జాడీ దొరకబుచ్చుకుని, చంకన పెట్టుకుని, రోడ్డు మీదికి ఒక కాలు దించాడు. వెనక ఎవరో తుమ్మారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. డివైడరు మీద తుమ్ము శకునం కిందికి రాదు. పొగకీ దుమ్ముకీ పగలంతా ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు కాబట్టి, దాన్ని పట్టించుకోకూడదని ఆ వార్డు వాళ్ళు ఏనాడో కట్టుబాటు చేసుకున్నారు. భీమేశ్వరరావు ఇంటివైపు మనిషి. ఆయనకెలా తెలుస్తుంది? ఇంట్లో అయితే ఏం చేస్తాడో అదే చేశాడు. కాలు వెనక్కి తీసుకుని, కాసేపు కూర్చుని, పాపయ్యమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగాడు. ఖాళీగా కూర్చున్న మనిషిని చూసి అధికారి ఓటు చీటీ చేతికిచ్చాడు. ఇచ్చింది కాదనలేక వేశాడు. లేచాడు. మళ్ళీ ఎవరో తుమ్మారు.

"ఏవండీ! అక్కడ తుమ్ము లెక్కకాదండీ! వొచ్చెయ్యండి!" మంగతాయారు బాల్కనీ కడ్డీ పట్టుకుని గొంతు పగిలేలా అరిచింది.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమిటన్నట్టు చూశాడు. అప్పటికే అధికారులు జీపెక్కి వెళ్ళిపోయారు. ప్రభుత్వ కార్యక్రమం ఒకటి అనుకున్న సమయానికి ముగియడం పెదకాలవలో అదే మొదలు. బండ్లు బయల్దేరాయి.

సాయంత్రం ఫలితాలు ప్రకటించారు. పందేలు నిషేధించాలా అన్న ప్రశ్నకి డివైడరు వాసులు వద్దని తేల్చి చెప్పారు. కావాలని ఒకే ఒక్క ఓటు పడింది. ఆ ఓటరు వార్డుకి కొత్త కావడంతో అవగాహన లేక వేసి ఉంటాడని కమిటీ నివేదికలో రాసింది. ఇబ్బంది పడేవాళ్ళకే ఇబ్బంది లేనప్పుడు మనకెందుకని టీవీ ఆయన మళ్ళీ బల్ల గుద్దాడు. ఇళ్ళకు చేరినవాళ్ళు ఆ వార్త విని, ప్రజల్లో చైతన్యం లేదని బాధపడి భోజనాలకి లేచారు.

భీమేశ్వరరావుకి దీపస్తంభం నంబరు మీద కార్డు వచ్చింది. పాత కాపురం ఉన్న చోటే కాబట్టి పేరు మారిస్తే సరిపోయింది. మంచి చోటు దొరికిందని, నీడ ఉంటుందని, పైగా ఇంటికి ఎదురేనని అందరూ మంగతాయారుని అభినందించారు.

మొదట్లో ఆమె విసిరిన పొట్లాలు రోడ్డు మధ్యలో పడి బండ్ల కింద నలిగేవి. నలిగిన ప్రతి పొట్లాన్నీ చూసి ఏడ్చేది. ఇప్పుడు చెయ్యి కుదిరింది. ఆయన పంచె చెంగు పట్టి అందుకుంటాడు, జాడీ మూత తీసి ఆవకాయ కలుపుకుంటాడు. పక్కన పాపయ్యమ్మ వచ్చే బండినల్లా చూస్తుంటుంది. బండ్ల వరస మరీ దట్టమైనప్పుడు ఆయన కనబడడు. అప్పుడు మంగతాయారు మళ్ళీ కనబడేదాకా కడ్డీ వదలదు.

మొన్న కరివేపాకు అమ్మే ఆవిడ గుమ్మంలోకి వచ్చి అడిగింది. "అయ్యగారు లేరామ్మా?"

"రోడ్డు దాటుతున్నారే," అంది మంగతాయారు, "వొచ్చేస్తారు."