కాన్సాస్‌లో కొత్త కొండ

మానవజాతి కొండలను రెండు విధాలుగా కనుగొంటుంది: ఎక్కి, లేదా ఆఫీసులో కూర్చుని. కాన్సాస్‌లోని మా స్కూలు జిల్లాలో రెండో పద్ధతి అమల్లో ఉంది. (మొదటిదానికి ఇక్కడ వీల్లేదు. నేల రొట్టెల పీటలా ఉంటుంది.)

నిరుడు మా స్కూలు బస్సులన్నిటికీ చిన్న పెట్టెలు బిగించారు. బస్సు స్కూలు నుంచి ఎంత దూరంలో ఉందో పెట్టె నిమిషనిమిషానికీ చెబుతుంది, ఆఫీసు కంప్యూటరు దాన్ని గీతగా గీస్తుంది. ఏడో నంబరు బస్సు గీత నిటారుగా లేచి, కాసేపాగి, మళ్లీ నిటారుగా దిగింది. మార్గ భద్రతా ఉపసంచాలకులు డ్వేన్ ఓస్ట్రాండర్ గారు అది చూసి నిర్ఘాంతపోయారు. పిల్లలను అనుమతి లేని కొండ మీదుగా తిప్పుతున్నారంటూ నోటీసు పంపారు.

అందుకున్నది వెర్నా క్లాసెన్. ఇరవై ఆరేళ్లుగా ఆ బస్సు ఆవిడదే. చిన్నప్పుడు డ్వేన్ గారిని బడికి చేర్చింది కూడా ఆవిడే. నోటీసుతో పాటు 'కొండ వివరణ పత్రం' జతచేశారు. కొండ పేరు, ఎత్తు, ఎవరి అనుమతితో ఎక్కారు అన్న గడులు తప్పక నింపాలి. "కొండ లేదు" అని రాస్తే, పత్రం అసంపూర్ణమని తిరిగొచ్చింది. మూడోసారి తిరిగొస్తే బస్సు తాళాలు అప్పగించాలి. అప్పటికి రెండుసార్లయింది.

ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చింది. నేను ఇక్కడి హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఏటా పిల్లల్ని దూరం కొలిచే సెన్సార్ ముందు అటూ ఇటూ నడిపించి, తెర మీద గీత ఎలా మారుతుందో చూపిస్తాను. ఆ సామానే చంకన పెట్టుకుని, డ్వేన్ గారు జరిపే విచారణకు ఆవిడతో వెళ్లాను.

ముందు కదలకుండా నిలబడ్డాను. గీత చదునుగా సాగింది. చదును గీతంటే ఆగి ఉండటమని చెప్పాను. నేల చదునుగా ఉంది కాబట్టే అలా వచ్చిందని డ్వేన్ గారు సర్దిచెప్పారు. సెన్సార్‌కు దూరంగా గబగబా నడిచాను. గీత లేచింది. ఆయన గంభీరంగా రాసుకున్నారు. (గది మూలన నేల ఎత్తుగా ఉందని మరమ్మతుల శాఖకు ఆ రోజే లేఖ వెళ్లింది. రసమట్టం పట్టుకుని ఇద్దరు మనుషులు వచ్చారు కూడా.)

వెర్నా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నాయనా డ్వేన్, పదేళ్లు నా వెనక సీట్లోనే కూర్చున్నావు కదా. ఏ రోజైనా నీకు కొండ కనపడిందా?"

"అప్పట్లో గ్రాఫ్ లేదు కదండీ," అన్నారాయన, "ఎలా తెలుస్తుంది?"

నాకు ఒళ్లు మండింది. తీర్పు మాత్రం దయగానే వచ్చింది. రెండు వారాల్లో గీత చదునైతే బస్సు ఆవిడకే, లేకపోతే తాళాలు ఇచ్చెయ్యాలి.

సోమవారం నుంచి గీత అద్దంలా చదునైపోయింది. వెర్నా పెట్టెను ఊడదీసి ఇంట్లో ఫ్రిజ్ మీద పెట్టిందంతే. బస్సు ఎప్పటిలాగే తిరిగింది, పిల్లలు ఎప్పటిలాగే వేళకొచ్చారు. మే నెలలో ఆవిడకు 'ఉత్తమ సమతల చోదకురాలు' పురస్కారం ఇచ్చారు. (న్యాయంగా అయితే ఫ్రిజ్‌ను వేదిక మీదికి పిలవాలి.) బస్సు దక్కినందుకు నాకు నిజంగా సంతోషమేసింది.

సభయ్యాక కేకు తింటూ, గ్రాఫులు చదవడం ఎక్కడ నేర్చుకున్నారని డ్వేన్ గారిని అడిగాను. వందల మందికి పాఠం చెప్పినవాణ్ణి, మొహాలు గుర్తుండవు.

"అదేంటి సార్, మీ దగ్గరేగా. తొంభై ఆరు వేశారు."

ఇంటికెళ్లి పాత మార్కుల పుస్తకం తీశాను. అబద్ధం కాదు. స్కేలు పెట్టి గీసినందుకు, అక్షాలకు పేర్లు రాసినందుకు, శీర్షిక కింద రెండు గీతలు కొట్టినందుకు అన్నిటికీ నిండుగా వేశాను. తగ్గిన ఆ నాలుగు మార్కులూ తేదీ మరిచినందుకు కోసినవి. గీతకు అర్థమేమిటన్న ప్రశ్న ఆ పరీక్షలో లేదు.