కుందేలుకి కొమ్మల కోర్సు

ఒక పెద్ద అడవి ఉండేది. అందులో పుట్టల కన్నా కాలేజీలు ఎక్కువ, కాలేజీల కన్నా సలహాలు ఎక్కువ.

ఆ అడవిలో గరిక అనే కుందేలు పిల్ల ఇంటర్ పాసయింది. వాళ్లమ్మకు ఉచ్చులో పడి వెనక కాలు పోయింది. గరికే వెదురు చెక్కి, తీగలతో బిగించి, కాలు చేసిపెట్టింది. అమ్మ నడుస్తోంది గాని, సాయంత్రానికల్లా ఒరుసుకుపోయి పుండు పడుతోంది. ఎందుకు ఒరుస్తోందో గరికకు అంతుపట్టలేదు. బయో ఇంజనీరింగ్ అనే కొత్త కోర్సులో ఒంటి సంగతీ యంత్రాల సంగతీ కలిపి చెబుతారని విన్నప్పటి నుంచి, అందులోనే చేరాలని ఒకటే ఆరాటం.

ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజు పొద్దుగూకేదాకే గడువు. పిల్ల ఏం చదవాలో ఇరుగుపొరుగు పెద్దలు వచ్చి, టిఫిన్ చేసి తేల్చడం ఆ అడవి ఆచారం. ఎలుగుబంటి పెదనాన్న, కోతి పిన్ని పొద్దున్నే దిగబడ్డారు.

"బయో అంటే డాక్టరా, ఇంజనీరా?" ముల్లంగి నములుతూ అడిగాడు ఎలుగు.

"రెండూ కొంచెం కొంచెం, పెదనాన్నా."

"అంటే రెండూ కాదన్నమాట. రేపు పెళ్లిచూపుల్లో ఏమని చెప్పుకోవాలే?"

"మా వాడు కొమ్మల కోర్సు చేశాడు," అంది కోతి పిన్ని. "చదువు పూర్తవకముందే చింతచెట్టు మీద ఉద్యోగం."

"వాడు కోతి కదా పిన్నీ!"

"ఇదిగో, ఈ పిరికి మాటలే వద్దనేది! కష్టపడితే ఎవరైనా ఎక్కొచ్చు," అని కసిరాడు ఎలుగు.

ఆయనకు అంత పట్టుదల ఎందుకో గరికకు అప్పుడు తెలియదు. కొమ్మల కాలేజీ నక్కది. పిల్లను చేర్పించిన పెద్దమనిషికల్లా నక్క ఒక తేనెపట్టు చూపిస్తుంది. లేళ్లనీ తాబేళ్లనీ ముళ్లపందులనీ ఎలుగు అప్పటికే చేర్పించేశాడు.

అమ్మ ఓ మూల పుండుకి పసరు రాసుకుంటోంది. "నీ ఇష్టం తల్లీ" అనబోయి, వాళ్ల మొహాలు చూసి, "పెద్దవాళ్లు చెబుతున్నారుగా," అంది. గరికకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొమ్మల కోర్సుకి ఆప్షన్ పెట్టింది.

చేరేవాళ్లు లేక బయో ఇంజనీరింగ్ మూతపడింది. అది చెప్పాల్సిన కొంగ మాస్టారు వేరే అడవికి ఎగిరిపోయాడు. కొమ్మల కాలేజీ మాత్రం కిక్కిరిసింది. లేళ్లు కొమ్మలకు వేలాడాయి, అడవిపందులు రోజూ పడ్డాయి, చెట్లన్నీ బీటలిచ్చాయి.

మరుసటి ఏడు ఎలుగు తన వాటా తేనెపట్టు కోసం చెట్టెక్కాడు. ఆయన కాలు మోపింది, తను చేర్పించిన పిల్లలు ఊగి ఊగి వదులు చేసిన కొమ్మ మీదే. ఫెళ్లున విరిగింది. రాళ్ల మీద పడి కాలు నుజ్జయితే తీసేయక తప్పలేదు.

"బయో ఇంజనీర్ని పిలవండి!" అని గావుకేకలు పెట్టాడు.

"మన అడవిలో ఎవరూ చదవలేదు బావగారూ," అంది కోతి పిన్ని.

"ఈ కాలం పిల్లలకు ముందుచూపు ఏడిస్తేగా!" అని తిట్టి, గరికకు కబురంపాడు.

గరిక వచ్చి వెదురు కాలు కట్టింది. ఎలుగు కాస్త దూరం నడిచి, "అబ్బా! ఒరుస్తోందే!" అన్నాడు.

"ఒరుస్తుంది పెదనాన్నా. అమ్మకీ ఒరుస్తోంది."

"ఎందుకని?"

"అది ఆ కోర్సులో చెప్పేవాళ్లు. నేను కొమ్మలు చదువుతున్నానుగా. రెండో ఏడు. మొదటి కొమ్మ ఇంకా అందలేదు."

నీతి: పిల్లల చదువు ఎప్పుడూ కాళ్లన్నీ సవ్యంగా ఉన్న పెద్దలే నిర్ణయించాలి.