ఏడుపు పాఠం

ఆ ఉదయం త్రినాథరావు మాస్టారికి ఉన్న పని చిన్నదే. ఎండెక్కేలోపు నాగసుధకు ఏడవడం నేర్పి, రెండు ఇడ్లీలు తిని, పలాస బస్సెక్కాలి. మధ్యాహ్నం డయాలసిస్‌కు ఆయన వంతు. అక్కడ తన మంచం ఎక్కి వస్తేనే మిగతా రోజుల్లో నాటకం.

జలంత్రకోటలో ఆయన దగ్గర వేషం నేర్చుకోని ఇల్లు లేదు. వేసేవారు, వేయించేవారు, తప్పు చేస్తే తొడపాశం పెట్టేవారు. ఆదివారం టెక్కలిలో నాటకాల పోటీ. అందులో నాగసుధ మొగుడి శవం మీద పడి ఏడవాలి. ఆ పిల్ల ఏడిస్తే తుమ్మినట్టుంది.

"ఏటమ్మా అది? జలుబు సేసిందేటి?" అని మాస్టారు విసుక్కున్నారు. కొబ్బరితోటలో చాప పరిపించి, తానే శవంగా పడుకుని, ముఖం మీదికి తెల్లపంచె లాక్కున్నారు. "మొగుడూ గిగుడూ మర్సిపో. మీ నాయన్ని తల్సుకో."

నాగసుధ తండ్రి కిడ్నీల జబ్బుతోనే పోయాడు. అప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది.

పంచె కింద మాస్టారికి ఒళ్లు పులకరించింది. కదిలితే పాఠం చెడుతుందని ఊపిరి కూడా పొదుపుగా తీశారు.

ఉద్దానం ఊళ్లలో ఏడుపు వినబడితే ముందు వెళ్లి ఏడుస్తారు, తర్వాత అడుగుతారు. దడి అవతలి రాజులమ్మ వచ్చి నాగసుధ మెడ పట్టుకుని రాగం అందుకుంది. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. ఏమైందని ఎవరూ అడగలేదు. డయాలసిస్ మనిషికి ఏమవుతుందో అందరికీ తెలుసు. నాగసుధ చెప్పబోయింది, ఏడుపు ఆగితే కదా. తన శిష్యురాలు ఊరినే ఏడిపిస్తోందని మాస్టారు లోపల మురిసిపోయారు.

ఇలాంటి మనిషి పోతే మొదటి ఫోను చుట్టాలకు కాదు, డయాలసిస్ సెంటరుకు. ఖాళీ అయ్యే మంచం కోసం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. ఆ పుణ్యం ఆలస్యం కాకూడదని రాజులమ్మ కొడుకు రామూర్తి ఫోను చేశాడు. వాడు సరిగ్గా చెప్పాడో లేదోనని మరో ఇద్దరు చేశారు.

ఇంతలో జీడితోట నుంచి భార్య వరహాలమ్మ పరుగెత్తుకొచ్చి మీద పడింది. మాస్టారు పంచె తీసి లేచి కూర్చున్నారు.

"నువ్వెందుకొచ్చినావే మజ్జిన? నీ ఏడుపుకి తాళం లేదు!"

ఆడవాళ్లు ఏడుపు ఆపి తిట్లు అందుకున్నారు. వరహాలమ్మ కొబ్బరిమట్ట అందుకుంది. రామూర్తి మాత్రం చేతిలో ఫోను చూసుకుంటూ, "మావా, ఓ మాట..." అన్నాడు.

ఆటోలో పలాస చేరేసరికి మాస్టారి మంచం మీద బారువ నుంచి వచ్చిన నారాయణరావు ఉన్నాడు. గొట్టాలు కూడా పెట్టేశారు.

"కంప్యూటర్లో మీరు పోయారండీ," అంది నర్సు మాధురి.

"ఎదురుగుండా నిల్సున్నాను కదమ్మా!"

"పోయారని ముగ్గురు ఫోన్ చేశారు. లేదంటున్నది మీరొక్కరే."

"మరిప్పుడేటి సెయ్యాల?"

"కూర్చోండి. పాతవారు కాబట్టి ఎవరైనా పోతే ముందు మీకే ఇస్తాం."

"మాస్టారూ, నన్ను లెగమంటారేటి?" అన్నాడు నారాయణరావు మంచం మీంచి, భయంగా. "ఎన్నాళ్లు కాసుకుంటే దొరికిందో."

"పడుకో నాయనా, పడుకో," అన్నారు మాస్టారు.

పొద్దు వాలేసరికి కాళ్లు ఉబ్బాయి. ఊపిరి బరువెక్కింది. వెంట వచ్చిన వరహాలమ్మ తిట్టడం మానేసింది. అది చూసి మాస్టారికి నిజంగా భయం వేసింది.

అప్పుడు సెంటరు ఫోను మోగింది. మాధురి విని, గొంతు తగ్గించి, "కవిటి దగ్గర ఒకాయన పోయారట. ఆ చివరి మంచం ఆయనదే. రండి," అంది.

మాస్టారు లేవలేదు.

"మరోపాలి అడుగమ్మా. నాటకాలోడేమో కనుక్కో."

మాధురి అడిగింది. కాదట. కొబ్బరిచెట్లు ఎక్కేవాడట.

ఆ రోజు ఆ సెంటరుకు రెండు చావు కబుర్లు వచ్చాయి. ఒకటి అబద్ధం, ఒకటి నిజం. మాస్టారు వెళ్లి నిజం కబురు మీద పడుకున్నారు.