మేనేజరూ, రెండు పిల్లులూ, ఒక సహజీవన పత్రం

ఈ భూమ్మీద శాంతిని నిలబెడుతున్నది గొళ్ళెం. ముప్ఫై రెండేళ్లుగా గొళ్ళేలు, తాళాలు, బందులు అమ్ముకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ మాట అనే అర్హత నాకుంది.

వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది. ఒక చిలుక, వయసు పద్దెనిమిది, మా అక్కది. ఎత్తున కూర్చుని అందరి మీదా అరుస్తుంది, పని మాత్రం చేయదు కాబట్టి దానికి మేనేజరు అని పేరు పడింది. రెండు పిల్లులు, నల్లదీ మచ్చలదీ, మా ఆవిడవి. ఒక అక్క, ఒక ఆవిడ, వాళ్ళిద్దరి మధ్య ఒక హాలు. పిల్లులు వచ్చిన ఏడాదిన్నరలో చిలుకకు జరిగిన నష్టం సున్న.

ఆ సున్న ఊరికే రాలేదు. పిల్లులుండే వెనక గదికి నేనే వరసగా రెండు తలుపులు పెట్టించాను, మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు వదిలి. ఒకటి మూసి గొళ్ళెం వేస్తేగాని రెండోది తీయకూడదు. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా హాలు మేనేజరుది. పది దాటాక మేనేజరు పంజరంలోకి, పంజరం అక్క గదిలోకి, ఆ గదికి తాళం, అప్పుడు పిల్లులు హాల్లోకి. లోపల ఉన్నవాళ్ళకి ఎవరి వంతో తెలియాలి కదా. అందుకని కొట్టు తలుపుకి వేలాడే పాత పలక తెచ్చి, రెండు తలుపుల మధ్య చోటులో తగిలించాను. 'తెరిచి ఉంది' అన్నవైపు 'పిల్లులు బయట' అనీ, 'మూసి ఉంది' అన్నవైపు 'చిలుక బయట' అనీ రంగుతో రాయించాను. ఆ పలక చదవకుండా మా ఇంట్లో ఎవరూ గొళ్ళెం మీద చెయ్యి వేయరు. (చదివినదాన్ని నమ్మకుండా ఉండడం మాకు అలవాటు లేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.)

ఇంతలో గృహాంతర భిన్నజాతి సహజీవన విభాగం ఒక నోటీసు పంపింది. తినగల జంతువూ, తినబడగల జంతువూ ఒకే ఇంట్లో ఉంటే అరవై రోజుల్లో సహజీవన పత్రం తీసుకోవాలి. లేకపోతే తినబడగల జంతువును దాని క్షేమం కోరి సంరక్షణ కేంద్రానికి తరలిస్తారు.

కౌంటర్లో కూర్చున్న గుమాస్తాని అడిగాను.

"ఆ కేంద్రంలో పిల్లులు కూడా ఉంటాయా అండీ?"

"అన్నీ ఉంటాయండీ. చోటు చాలక అన్నిటికీ ఒకటే గది."

"మరి పక్షుల సంగతి?"

"అది వేరే విభాగం చూసుకుంటుంది."

ఇంటికొచ్చి చెబితే అక్క చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. ఇంట్లో అక్కకి అక్క, వదిన, అత్త, పెద్దమ్మ అని చాలా పిలుపులున్నాయి. బావ పోయాక పేరు పెట్టి పిలిచేది మేనేజరు ఒక్కడే.

"ఒరేయ్, వాణ్ణి పంపేట్టయితే నా పేరు కూడా ఆ ఫారంలోనే రాసెయ్. చోటుందేమో చూడు" అంది.

"మీరు ముందు నడవండి వదినా, వెనక పంజరం నేను పట్టుకొస్తాను" అంది మా ఆవిడ.

"నువ్వు పంజరం పట్టుకోవడమూ, నీ పిల్లుల చేతికి తాళంచెవి ఇవ్వడమూ ఒకటేనమ్మా."

అలా హాలుకి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. నేను మధ్యలో ఫోను పట్టుకుని దరఖాస్తు నింపడం మొదలుపెట్టాను.

యాప్ మంచిదే. చిలుకకు పిల్లితో గల సంబంధం ఏమిటని అడిగింది. భార్య, కుమారుడు, అద్దెదారు, ఇతరులు అని నాలుగు దారులు చూపించింది. 'ఇతరులు' నొక్కితే పుట్టుక నుంచి రుజువులు అడిగింది. 'అద్దెదారు' నొక్కితే ఒప్పందం ఒకటి చాలంది. రాసిచ్చాను. (అద్దె నెలకొక ఈక, అదీ తనంతట తాను రాలినది. ఇరుపక్షాలూ చదివించుకుని విని ఒప్పుకున్నాయి.) అక్కడి దాకా సాఫీగా నడిచిన బండి 'ఇంతవరకు జరిగిన దాడుల సంఖ్య' దగ్గర ఆగింది. సున్న వేస్తే ఎర్రగా మారి, ఒకటికి తగ్గని సంఖ్య వేయమంది.

మళ్ళీ కౌంటరుకి వెళ్ళాను.

"సున్న తీసుకోవడం లేదండీ."

"సున్న అంటే మీరు వివరం నింపలేదని."

"నింపానండీ. ఏమీ జరగలేదు, అందుకే సున్న."

"ఏమీ జరగకపోతే అవి కలిసి ఉంటున్నాయని మాకెలా తెలుస్తుంది? తనిఖీకి రాసుకోండి."

తనిఖీ అధికారి యాభై ఎనిమిదో రోజున వచ్చాడు. నడుముకి కొలత టేపు వేలాడదీసుకుని తిరుగుతాడు కాబట్టి మా వీధిలో ఆయన్ని టేపాయన అంటారు. అప్పుడు టైము తొమ్మిది. మేనేజరు కర్టెను కడ్డీ మీద ఉన్నాడు. మా ఆవిడ వెనక గదిలో పిల్లుల్ని కూర్చోబెట్టుకుని ఉంది.

టేపాయన మొదటి తలుపు చూశాడు, రెండో తలుపు చూశాడు. చూసి పెదవి విరిచాడు.

"ఇవి మూసి ఉంటే ఇది రెండిళ్ళ లెక్కండీ. చిలుకకి ఒకటి, పిల్లులకి ఒకటి. రెండిళ్ళకి కలిపి సహజీవన పత్రం ఇచ్చే రూలు లేదు."

"తీసి ఉంచితే చిలుక మిగలదండీ."

"అప్పుడు మీకు పత్రంతో పనే ఉండదు."

ఈ మాట ఆయన నవ్వకుండా అన్నాడు. నేనూ నవ్వలేదు. టేపు కొస నా చేతికిచ్చి హాల్లో నిలబెట్టి, తాను తలుపుల మధ్య చోటులోకి వెళ్ళాడు. వెడల్పు రాసుకున్నాడు. పలకను ఫోటో తీశాడు. ఫైలుకి రెండు వైపులా కావాలని దాన్ని తిప్పి మళ్ళీ తీశాడు. మళ్ళీ తిప్పమని ఏ రూలులోనూ లేదు కాబట్టి తిప్పలేదు. హాలు తలుపు జాగ్రత్తగా మూసి, వచ్చి సోఫాలో కూర్చుని, "లోపం కనబడుతోందండీ" అన్నాడు.

గదిలో మా ఆవిడకి గడియారం లేదు. తలుపు తీసి చూసింది. పలక మీద 'పిల్లులు బయట' అని ఉంది. పది దాటిందనుకుని, పిల్లుల్ని ముందు వదిలి, హాలు తలుపు తీసింది.

మొత్తం పన్నెండు సెకన్లు పట్టి ఉంటుంది. నల్లది కర్టెను ఎక్కింది. మేనేజరు కడ్డీ మీంచి తుళ్ళి టేపాయన భుజం మీద పడ్డాడు. మచ్చలది టేపాయన ఒడిలోకి దూకి, అక్కణ్ణుంచి ఎగిరి తోక అందుకుంది. అక్క కుర్చీ మీది దుప్పటి తీసి నల్లదాని మీద పడేసింది. మా ఆవిడ నేల మీద జారుకుంటూ వచ్చి ఒక చేత్తో మచ్చలదాని మెడ పట్టి, రెండో చేత్తో మేనేజరుని గుండెకి అదుముకుంది. పిల్లి ఆమె చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. ఆవిడ మాత్రం ఏ చెయ్యీ వదల్లేదు.

మేనేజరు బతికాడు. మచ్చలదాని నోట్లో మూడు తోక ఈకలున్నాయి.

అక్క మా ఆవిడ చేతిని కుళాయి కింద పెట్టి కడుగుతోంది.

"పిచ్చిమొహమా, నీ పిల్లి నిన్నే చీరిందేమే?"

"దానికేం తెలుసు వదినా, నన్నూ చిలకే అనుకుంది."

"నువ్వు చిలకవైతే ఆ కర్టెను కడ్డీ ఎప్పుడో విరిగేది. కదలకు, మందు రాయాలి."

ఇన్నేళ్ళలో అక్క మా ఆవిణ్ణి 'ఏమే' అనడం నేను వినలేదు.

హాల్లో టేపాయన చొక్కా దులుపుకుని, చెవి తడుముకుని, ఫారం తీశాడు. మొదటిసారి ఆయన మొహంలో సంతోషం కనిపించింది. దాడుల సంఖ్య దగ్గర ఒకటి వేశాడు. మూడు ఈకల్నీ కవర్లో పెట్టి నా సంతకం తీసుకున్నాడు. మూడో రోజుకల్లా పత్రం వచ్చింది. 'సంఘటనలు ఒకటి. ప్రాణనష్టం లేదు. సహజీవనం రుజువైనది.'

ఇప్పుడు లెక్క తేల్చుకుంటే, వచ్చినవి రెండు. గోడకి పత్రం, వదినా మరదళ్ళ మధ్య మాట. మా ఆవిడ ఇప్పుడు పొద్దున రెండు గంటలూ అక్క పక్కనే కూర్చుంటుంది. కూర్చుని ఇద్దరూ పంజరం వైపు చూస్తారు. పంజరం తలుపు బార్లా తీసే ఉంటుంది. మేనేజరు మాత్రం బయటికి రాడు. నాలుగు నెలలుగా అరుపు లేదు. అక్క తన పేరు తానే చెప్పి, "అనరా, ఒక్కసారి అనరా" అంటుంది. అనడు.

వైద్యుడెవరైనా ఉంటే చెప్పమని విభాగానికి ఉత్తరం రాశాను. తొమ్మిది రోజుల్లో జవాబిచ్చారు, ఆలస్యం చేయలేదు.

'పంజరము విడిచి రాని పక్షిని పిల్లులతో కలిసి నివసించుచున్నట్లు పరిగణించజాలము. పత్రము కొనసాగవలెనన్న ముప్పది దినములలో మరియొక సంఘటన జరిపించి ఫోటో జతపరచవలెను. ఫోటోలో ఇరుపక్షముల ముఖములు స్పష్టముగా కనబడవలెను.'