ఒక్క నిమిషం నిశ్శబ్దం

దర్శకుడి ఆనాటి పథకం కాగితం మీద ముచ్చటగానే ఉంది. పొద్దున తొమ్మిదింటికి మామగారింటి హాల్లో వెబ్ సిరీస్ మొదటి భాగం చివరి సీను. పదకొండుకల్లా సామాను సర్దడం. నాలుగింటికి మండలి వారి రాక. ప్రాంతీయ చిత్రాల మండలి అప్పటికి ఆరు ఊళ్లు చూసింది, ఏడోది ఇదే. ఏడింట్లో ఒక్క ఊరికి స్టూడియో, ఎడిటింగ్ గదులు, ఏడాది పొడవునా పని ఇస్తారు. అది తమకు రాకపోతే వచ్చే నెల నుంచి నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేరతానని దర్శకుడు మామగారికి మాటిచ్చి ఉన్నాడు. మామగారు ఆ ఆఫీసులోనే ముప్పై నాలుగేళ్లు పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. అల్లుడి కోసం అక్కడ ఒక కుర్చీ కూడా చూసిపెట్టారు.

పథకానికి మొదటి గండి ఎనిమిదిన్నరకే పడింది. సీనులో ఒక తాతగారు తన ఫోన్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా పోతారు. ఇంటిల్లిపాదీ ఆయన ఫోటో ముందు చేరి, ఏడవాలో పాస్‌వర్డ్ ఆలోచించాలో తెలియక నిలబడతారు. తాత వేషం కట్టినాయన ఫోటో ఆటోలోంచి దింపుతుంటే జారి సరాసరి మురుగు కాలవలో పడింది. దర్శకుడు ముందూ వెనకా చూసుకోకుండా, గోడ మీదున్న మామగారి రిటైర్‌మెంటు ఫోటో తీసి బల్ల మీద పెట్టి, అటూ ఇటూ రెండు పూలకుండీలు సర్దేశాడు.

మామగారు పేపరు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి ఆ దృశ్యం చూశారు.

"ఇంకా కాఫీ కూడా తాగలేదు. అప్పుడే పంపించేశావా అల్లుడూ?" అని, జవాబు వినకుండానే వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నారు. అలిగితే ఆయన మధ్యాహ్నం దాకా బయటికి రారని ఇంట్లో అందరికీ తెలుసు. దర్శకుడు కాస్త బాధపడ్డాడు, కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

సీను బ్రహ్మాండంగా వచ్చింది. ఇక మిగిలింది గది నిశ్శబ్దం. ఈ పని దర్శకుడి భార్యది. ఆవిడే సౌండ్ రికార్డిస్టు. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఒకటుంటుందని, మాటల మధ్య అతుకులు వినపడకూడదంటే సీను అయ్యాక అదే గదిలో, అదే మనుషులు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడగా ఒక నిమిషం రికార్డు చేసుకోవాలని ఆవిడ పట్టు. మొదటిసారి పక్కింటి కుక్కర్ కూత పెట్టి చెడగొట్టింది. రెండోసారి వెనక గదిలోంచి మామగారు దగ్గారు. కావాలనే దగ్గారని కూతురి అనుమానం.

మూడోసారికి ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటూ, పిడుగు పడినా సరే ఎవరూ కదలకూడదని హెచ్చరించి, మీట నొక్కి కళ్లు మూసుకుంది. జట్టులోని ఎనిమిది మందీ చేతులు కట్టుకుని తలలు వంచుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే నవ్వొస్తుందని వాళ్ల భయం.

సరిగ్గా అప్పుడే, మధ్యలో ఇంకేదో పని రద్దయిందని అయిదు గంటలు ముందుగా, మండలి అధ్యక్షురాలు ఇద్దరు సభ్యులతో తెరిచి ఉన్న గుమ్మంలో అడుగుపెట్టింది. వాళ్ల వెనకాలే పక్కింటి బ్రేకింగ్ దిగాడు. ఫోన్‌లో సొంత వార్తల చానల్ నడిపే ఇతణ్ణి ఊళ్లో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. మండలి వారి రాకను వీడియో తీయమని చెప్పి ఉంచింది దర్శకుడే.

అధ్యక్షురాలు ఫోటో చూసింది, పూలు చూసింది, వంగిన తలలు చూసింది. చెప్పులు విడిచి, తనూ తల వంచి నిలబడింది. సభ్యులిద్దరూ ఫైళ్లు గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. దర్శకుడు ఓరకంట చూసి గతుక్కుమన్నాడు గానీ, భార్య చెయ్యి పైకి లేచేదాకా నోరు విప్పే ధైర్యం అతనికి లేదు.

నిమిషం అయింది. అధ్యక్షురాలు వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఈయన మీకేమవుతారు?"

"మా మామగారండీ. కానీ..."

"ఏమీ చెప్పకండి. ఇంత దుఃఖంలో కూడా కెమెరా పక్కన పెట్టలేదు మీరు. ఇక మీకు పరీక్షలేమిటి? స్టూడియో మీ ఊరికే."

ఆ 'కానీ' తర్వాత చెప్పాల్సిన మాటను దర్శకుడు మింగేశాడు. చెప్తే స్టూడియో పోతుంది, చెప్పకపోతే మామగారు పోతారు. అతను తలొంచుకుని, కళ్లు ఒత్తుకున్నాడు. ఎంత సిగ్గుమాలిన పని చేస్తున్నాడో అతనికి తెలుసు, తెలిసే చేశాడు.

ఈలోగా బ్రేకింగ్ తన పని తాను చేసుకుపోయాడు. నీటి సరఫరా దిగ్గజం కన్నుమూత అని పెద్దక్షరాలతో, ఫోటోతో సహా, చానల్లో పెట్టేశాడు. అరగంటలో మామగారి పాత ఆఫీసు సగం వచ్చి హాల్లో వాలింది. ఎదురింటి దర్జీ మిషన్ ఆపి వచ్చాడు. మనవరాలి వేషం వేసిన టీచరమ్మ ఏం చెయ్యాలో తోచక నిజంగానే ఏడుపు అందుకుంది. అది చూసి దర్జీ ఏడ్చాడు. అధ్యక్షురాలు ముందు వరసలో కూర్చుని, తలా రెండు మాటలు చెప్పమని అందర్నీ కోరింది.

హెడ్‌ఫోన్లలో రికార్డు సరిచూసుకుంటూ ఉండి సంగతి ఆలస్యంగా అర్థమైన భార్య మొగుణ్ణి వంటగదిలోకి లాగి, బతికున్న మనిషిని ఎలా చంపుతారని నిలదీసింది. తాను చంపలేదని, కాకపోతే బతికించలేదని అతను నసిగాడు. ఆవిడ అతణ్ణి కళ్లతోనే కాల్చి, తండ్రి కాళ్ల మీద పడైనా సరే బయటికి తీసుకొద్దామని వెనక గదిలోకి వెళ్లింది.

మామగారు మంచం మీద కూర్చుని, ఫోన్‌లో తన మరణవార్త కింద జనం రాసినవి ఒక్కొక్కటే చదువుకుంటున్నారు. కూతుర్ని చూసి పెదాల మీద వేలు పెట్టారు.

"ఇంకో పావుగంట ఉండనీ అమ్మా. బయట మా సూపరింటెండెంటు మాట్లాడుతున్నాడు. ముప్పై ఏళ్లలో వాడు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు."

కూతురు పక్కనే కూర్చుని తనూ విన్నది. సూపరింటెండెంటు నిజంగానే బాగా మాట్లాడుతున్నాడు. ఆయనంత నిజాయితీపరుణ్ణి చూడలేదన్నాడు. ఫైలు మీద ఆయన సంతకం పడిందంటే ఇక తిరుగులేదన్నాడు. మామగారి కళ్లు చెమర్చాయి. అప్పుడు సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, ఊరి మొత్తానికీ మంచినీళ్ల పైపుల మ్యాపు తామిద్దరమూ కలిసి, రాత్రనకా పగలనకా గీశామన్నాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఇద్దరమా? ఆ మ్యాపు గీసిన మూడు నెలలూ నువ్వు నడుంనొప్పని సెలవులో ఉన్నావు కదయ్యా!"

సూపరింటెండెంటు ఉన్నచోటే చతికిలబడ్డాడు. దర్జీ ఏడుపు మధ్యలో ఆపేశాడు. మామగారు లుంగీ ఎగ్గట్టి హాలు మధ్యలో నిలబడి, ఏ వీధి ఎవరు కొలిచారో వివరంగా చెప్పి మరీ ఊరుకున్నారు.

అధ్యక్షురాలు ఫోటోను చూసింది, మామగారిని చూసింది, చివరికి దర్శకుణ్ణి చూసింది. అతను తప్పంతా తనదేనని, స్టూడియో అన్న మాట వినేసరికి నోరు పెగల్లేదని, మామగారికి దీంతో సంబంధం లేదని ఒక్క గుక్కలో ఒప్పేసుకున్నాడు. మూడేళ్లుగా తనతో తిరుగుతున్న జట్టంతా తలలు దించుకున్నారు. ఈసారి వాళ్లకి నవ్వు రాలేదు.

"మరి మేం వచ్చినప్పుడు మీరంతా నిలబడింది ఎందుకు?" అని అడిగింది అధ్యక్షురాలు.

జవాబు భార్య చెప్పింది. చెప్పి, హెడ్‌ఫోన్లు ఆవిడ చేతికిచ్చి మీట నొక్కింది. అధ్యక్షురాలు ఒక నిమిషం పాటు ఆ హాలు నిశ్శబ్దాన్ని విన్నది. ఫ్యాన్ తిరగడం, ఎక్కడో దూరంగా స్కూటర్, అంతే. తాము లోపలికొచ్చిన అడుగుల చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది.

"ఆరు ఊళ్లు తిరిగాం. మా కారు కనపడగానే అందరూ పని ఆపేసి పూలగుత్తులతో పరుగెత్తుకొచ్చారు. ఇక్కడ మేం వచ్చి నిలబడినా ఒక్కరు తల తిప్పలేదు. పని వచ్చిన జట్టు ఇదే. స్టూడియో ఇక్కడే పెడతాం."

దర్శకుడికి నెత్తిన పాలు పోసినట్టయింది. వంగి దణ్ణం పెట్టబోయాడు. ఆవిడ అతణ్ణి దాటుకుని వెళ్లి అతని భార్య భుజం మీద చెయ్యి వేసింది.

"బాధ్యత మాత్రం ఈ అమ్మాయిది. మీరు ఈవిడ కింద పనిచేయండి. మీరెప్పుడు నోరు మూసుకోవాలో, ఎప్పుడు తెరవాలో ఈవిడే చెబుతుంది."

సాయంత్రం బ్రేకింగ్, మామగారి ఒత్తిడి భరించలేక, ఆయన క్షేమంగా ఉన్నారని ఇంకో వార్త పెట్టాడు. మరణవార్తను నాలుగు వేల మంది చూశారు. క్షేమవార్త పదకొండుసార్లు తెరుచుకుంది, అందులో తొమ్మిదిసార్లు తెరిచింది మామగారే.