ఖాళీ పొలంలో దొరికిన మంగళవారం

భూమిలో ఏముందో భూమికి తెలియకపోయినా ఫరవాలేదు, జిల్లా కార్యాలయానికి తెలిస్తే చాలు. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో ఈ మహత్తర సూత్రాన్ని అమలు చేయడానికే శోధిత భూముల విభాగం అవతరించింది. సరదాకి పాత వస్తువులు వెతికే సంఘాల వాళ్ళు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని ఒక పొలాన్ని ముమ్మారు జల్లెడ పట్టాక, ఆ పొలం 'ఖాళీ' అని విభాగం ధ్రువీకరిస్తుంది. ధ్రువీకరించిన పొలంలో ఇక ఏమీ ఉండదు. (ఉండటానికి అనుమతి లేదు.) అలాంటి పొలంలో నిశ్చింతగా ఇళ్ళు కట్టుకోవచ్చు.

ఆక్స్‌మియర్ ఊరి చివర గాదర్‌కోల్ వారి బార్లీ పొలం ఒక సోమవారం సాయంత్రం ఇలాగే ఖాళీ అయింది. సాక్షి సంతకాల్లో డెస్మండ్ థర్కెటిల్‌ది కూడా ఉంది. రిటైరైన బస్సు డ్రైవరు, ఆ ఊరి సంఘం సభ్యుడు. ఆ సంతకం, చెప్పొద్దూ, కాస్త గర్వంగానే పెట్టాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మట్టిలో తిరిగినవాడు, ప్రతి క్రిస్మస్‌కీ రైతు చేతిలో విస్కీ సీసా పెట్టి వెతుక్కునే అనుమతి నిలబెట్టుకున్నవాడు, అందులో ఇంకా ఏదో మిగిలుందని ఎలా ఒప్పుకుంటాడు? మిగిలిందంటే తనకి దొరకలేదన్నమాటేగా! ఆ మాట ఏ సంఘంలో ఏ సభ్యుడూ చచ్చినా అనడు.

గురువారం బుల్డోజర్లు వస్తాయనగా, మంగళవారం పొద్దున పొలానికి వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాడు. గేటు పక్కన చేతిలోని డిటెక్టరు కూసింది. బీరు డబ్బా మూతకుండే రింగు కూత. ఆ కూత వింటే సంఘంలో ఎవరూ వంగరు. బంగారం కూడా అచ్చం అలాగే కూస్తుందని అందరికీ తెలుసు. (నడుములు కూడా అందరికీ ఉన్నాయి.) ఎలాగూ చివరిసారి కదా, చెత్తయినా ఏరేసి పోదామని డెస్మండ్ వంగాడు.

చేతికొచ్చింది బంగారు పతకం. మధ్యలో ఎర్ర రాయి. ఒకప్పుడు ఇంగ్లండునేలిన సాక్సన్ల కాలం నాటి పని. దాని కింద గాజు పూసలు, చెక్కు చెదరకుండా వరసలో ఉన్నాయి. పూసలు వరసలో ఉన్నాయంటే వాటి నడుమ ఒకప్పుడు మెడ ఉండేదన్నమాట. డెస్మండ్ పూసల మీంచి చెయ్యి తీసేశాడు. ఎవరో ఆడపిల్ల ఇక్కడ పడుకుని ఉంది. ఎల్లుండి ఆమె మీద ఎవరిదో వంటిల్లు లేస్తుంది. తవ్వడం ఆపేసి, మట్టి జాగ్రత్తగా కప్పేసి, పతకాన్ని శాండ్‌విచ్ డబ్బాలో పెట్టుకుని విభాగానికి పరుగెత్తాడు.

విభాగాధికారిణి ఫెనెల్లా క్రాబ్ చాలా మర్యాదస్థురాలు.

"ఎక్కడ దొరికిందండీ?"

"గాదర్‌కోల్ పొలంలో."

"అది ఖాళీ పొలమండీ."

"ఖాళీ కాదమ్మా, ఆ సంగతి చెప్దామనేగా వచ్చింది! కింద మనిషి ఉంది. ముందు ఆ బుల్డోజర్లని ఆపించండి."

"నిన్న సాయంత్రానికి అందులో ఏమీ లేదు. మీరే సంతకం పెట్టారు. ఇవాళ దొరికిందంటే ఇవాళే వచ్చుండాలి కదండీ."

ఆవిడ కంప్యూటరు తెరిచింది. ఏ కాలం నాటిదో నింపాల్సిన గడిలో రాతి యుగం, కంచు యుగం, రోమన్, సాక్సన్ అన్నీ ఉంటాయి గాని, ఖాళీ పొలాలకి అవేవీ తెరుచుకోవు. ఆవిడ కాసేపు నిజాయితీగా ఆలోచించి 'మంగళవారం' అని కొట్టింది. (శాస్త్రం ఇలాగే ముందుకు సాగుతుంది.)

"మంగళవారం నాటి పతకమంటే మీరు పారేసుకున్నదేనండీ. పోయిన వస్తువుల కిటికీ దగ్గర తీసేసుకోండి."

"నాది కాదు తల్లీ! ఆ పిల్లది!"

"దానికేముందండీ, ఆమే వచ్చి సంతకం పెడితే ఇచ్చేస్తాం."

పతకం అక్కడే వదిలేసి సంఘాధ్యక్షుడు మెర్విన్ ఆల్డస్ ఇంటికి వెళ్ళాడు. సంఘం ఒక్క మాట చెప్తే విభాగం వింటుందని ఆశ.

"ఒరే డెస్మండ్, నువ్వన్నది నిజమైతే ఇన్నేళ్ళూ ఆ గేటు దగ్గర నేనేం చేస్తున్నట్టురా?"

"తొక్కుకుంటూ పోయావు. నేనూ అంతేగా."

మెర్విన్ మనసు గాయపడింది. ఆ సాయంత్రం అత్యవసర సమావేశంలో, పొలం ఖాళీగానే ఉందని సంఘం చేతులెత్తి తీర్మానించింది. ఎత్తని చెయ్యి డెస్మండ్‌ది ఒక్కటే.

ఇంటికొచ్చేసరికి భార్య మోరీన్ అందుకుంది. "ముప్ఫై ఏళ్ళు గుండీలూ సీసా మూతలూ తెచ్చి నా కిటికీ నిండా పేర్చావు. తీరా బంగారం దొరికితే నాది కాదని ఇచ్చొచ్చావా? నీకేమన్నా మతి పోయిందా ఏమయ్యా?" మొగుడి మొహం చూసి ఆగింది. "ఏడవకు. గురువారం గేటుకి అడ్డంగా కూర్చుందాం. టీ నేను తెస్తాలే."

అన్నట్టే ఇద్దరూ మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. బుల్డోజరు రెండో గేటులోంచి వెళ్ళింది. మధ్యాహ్నానికి దాని పార కింద ఒక పుర్రె పైకి తేలింది. డ్రైవరు దిగి టోపీ తీశాడు. డెస్మండ్ కుర్చీలోంచి లేవలేక మొహం కప్పుకున్నాడు.

బుల్డోజర్లు ఎట్టకేలకు ఆగాయి. విభాగం కూడా చురుగ్గా స్పందించింది. సోమవారం దాకా లేని మనిషి గురువారానికి ఉందంటే, అది పురావస్తు శాఖ పని కాదు, పోలీసుల పని. మధ్యలో ఆ పొలంలో గుంత తవ్వింది ఎవరో విభాగానికి తెలుసు. వివరాలు సంతోషంగా అందజేసింది.

మర్నాడు కానిస్టేబుల్ వచ్చి మోరీన్ ఇచ్చిన టీ తాగి, పెన్ను తీశాడు.

"మంగళవారం అక్కడ మట్టి కప్పింది మీరేనా?"

"నేనే."

"మెడలో నగ తీసింది?"

"అదీ... నేనే."

"ఆమె మీకు తెలుసా?"

"ఆ పిల్ల పోయి పదమూడు వందల ఏళ్ళయింది బాబూ," అన్నాడు డెస్మండ్. "ముప్ఫై ఏళ్ళుగా నేను తన మీంచే నడుస్తున్నాను. ఒక్కసారి వంగి చూస్తే అయిపోయేది."

కానిస్టేబుల్ సానుభూతిగా తలూపి, 'పాత పరిచయం' అని రాసుకున్నాడు.